ఒక్క రొయ్యను చూసి చెరువంతటికీ రేటు కడతామా? ఎంబీఏ కాలేజీల లెక్క

నేను నెల్లూరులో ఒక బ్యాంకులో లోన్లు చూసే పనిలో ఉన్నాను. మే నెల వచ్చిందంటే నా టేబుల్ మీద సగం ఫైళ్లు చదువుల లోన్లవే. అట్లాంటి ఒక మధ్యాహ్నం ఇందుకూరుపేట వైపు నుంచి ఒక రైతు వాళ్లబ్బాయిని వెంటబెట్టుకుని వచ్చారు. సంచిలోంచి తళతళలాడే పుస్తకం ఒకటి తీసి నా ముందు పెట్టారు. బెంగళూరులో ఏదో ఎంబీఏ కాలేజీది. మొదటి పేజీలోనే సూటు వేసుకున్న అమ్మాయి ఫొటో, పక్కన 32 లక్షల ప్యాకేజీ అని చేటంత అక్షరాలు. రెండేళ్ల ఫీజు 14 లక్షలు, హాస్టలు, ల్యాప్‌టాప్, ఒక విదేశీ టూరు కలిపితే 18. శుక్రవారంలోగా లక్ష కడితే సీటు ఖాయం, పైగా 50 వేలు స్కాలర్‌షిప్పట.

"32 లక్షలంటే ఒక్క ఏడాదిలో తీరిపోద్ది గదా సార్" అన్నారాయన.

నేను లోను సంగతి పక్కన పెట్టి, "మీ చెరువు పట్టుబడికొచ్చినప్పుడు కౌంటు ఎట్టా చూస్తారు?" అని అడిగాను. ఈయనకేమైంది అన్నట్టు చూసి, "వల ఇసురుతాం సార్, నాలుగు పక్కలా. కిలోకి ఎన్ని తూగితే అదే కౌంటు" అన్నారు. "వల్లో ఒక్కటి ఇంత పెద్ద రొయ్య పడిందనుకోండి, దాన్ని చూసి చెరువు మొత్తానికీ 30 కౌంటు రేటు ఇస్తాడా ఏజెంటు?"

"ఎందుకిస్తాడు, వాడేమన్నా ఎర్రోడా?" అనేసి, మళ్లీ ఆ పుస్తకం వైపు చూశారు. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఈ వ్యాసం అంతా ఆ వల గురించే. కాలేజీలో టాపర్‌కి ఎంతొచ్చింది అన్నది సమాచారమే కాదు, ఎక్కడైనా ఒక టాపర్ ఉంటాడు. మధ్య బెంచీ వాడికి ఏమైంది, వాడికి జీతం ఎంత, వాడి నెత్తిన అప్పు ఎంత, అది తెలుసుకోకుండా రూపాయి కట్టొద్దు. ఎందుకంటే మన పిల్లల్లో ఎక్కువ మంది అక్కడ కూర్చోబోయేది ఆ బెంచీలోనే. నేనూ అక్కడే కూర్చున్నాను. హైదరాబాదులో ఒక ప్రైవేటు కాలేజీలో చేరి, హోర్డింగ్ మీద రాసిన నూరు శాతం ప్లేస్‌మెంట్ నమ్మి, చివరికి క్యాంపస్‌కి వచ్చిన ఐదు కంపెనీల్లో మూడు ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మించేవని తెలిసి, ఇంటికొచ్చి బ్యాంకు పరీక్షలు రాసుకున్న బ్యాచ్ మాది. అందుకని ఈ విషయంలో కొంచెం కోపంగానే మాట్లాడతాను, సర్దుకోండి.

ముందు ఒక చిక్కు విప్పాలి. ఎంబీఏ అనేది ఒకటే పేరు గానీ దాని కింద అమ్మే సరుకు నాలుగైదు రకాలు. అహ్మదాబాద్ ఐఐఎంలో రెండేళ్లకు ఫీజే 25 లక్షలు దాటుతుంది, మన దగ్గర రాష్ట్ర ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాసి కన్వీనర్ కోటాలో చేరితే ఏడాదికి వేలల్లో తేలిపోతుంది, బయటికొచ్చాక ఇద్దరి సర్టిఫికెట్ మీదా ఎంబీఏ అనే ఉంటుంది. ఈ రెంటినీ ఒకే త్రాసులో తూచబట్టే ఇళ్లల్లో గొడవలు. "ఎంబీఏ చేస్తే లాభమా" అన్న ప్రశ్నకు జవాబు లేదు. ఎక్కడ, ఎంతకి, దేనికోసం అంటే జవాబు ఉంది.

దేనికోసం అన్నది అందరూ దాటేస్తారు. నిజాయితీగా చెప్పుకుంటే మన వైపు చాలామంది పిల్లలు డిగ్రీ అయ్యాక ఏం చేయాలో తోచక, లేదా పెళ్లి బయోడేటాలో పీజీ ఉండాలని ఎంబీఏ చేస్తారు. అందులో తప్పేం లేదు. కానీ అది కారణమైతే దానికి 18 లక్షలు ఖర్చు పెట్టకూడదు. నెల్లూరు పక్కన కాకుటూరులో 2008లో వచ్చిన విక్రమ సింహపురి యూనివర్సిటీ ఉంది, ఒంగోలులో 2022లో ఏర్పడిన ఆంధ్రకేసరి యూనివర్సిటీ ఉంది. ఇంట్లోంచి క్యారేజీ తీసుకుపోయి చదువుకోవచ్చు. ఆ రెండేళ్లలో పక్కన బ్యాంకు పరీక్షలకో గ్రూప్స్‌కో తయారైనవాళ్లు, దూరాన పెద్ద పేరున్న చోట చేరి ఈఎంఐలు కట్టుకుంటున్నవాళ్ల కంటే ప్రశాంతంగా ఉండటం నేను కళ్లారా చూశాను. క్యాంపస్ ఉద్యోగాల మీద పెద్ద ఆశ పెట్టుకోకూడదంతే.

ఐసెట్ గురించి రెండు ముక్కలు. 200 ప్రశ్నలు, రెండున్నర గంటలు, నెగిటివ్ మార్కులు లేవు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు. జనరల్ వాళ్లకు 25 శాతం, అంటే 50 మార్కులు వస్తే అర్హత, ఎస్సీ ఎస్టీలకు కనీస మార్కు లేదు. అర్హత రావడం తేలిక, మంచి కాలేజీ రావడం ర్యాంకును బట్టి. మన రెండు జిల్లాల వాళ్లు తెలుసుకోవాల్సిన తిరకాసు ఇంకొకటుంది. నెల్లూరు ఎస్వీ యూనివర్సిటీ లోకల్ ఏరియాలోకి వస్తుంది, ప్రకాశం ఆంధ్రా యూనివర్సిటీ లోకల్ ఏరియాలోకి. సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లకే. కావలి కుర్రాడికి తిరుపతిలో ఉన్న వెసులుబాటు, పక్కనే సింగరాయకొండలో ఉన్న వాడికి ఉండదు, వాడికి విశాఖ వైపు, గుంటూరు వైపు ఉంటుంది. రైలెక్కితే గంట కూడా దూరం లేని ఇద్దరు స్నేహితులు ఒకే ర్యాంకుతో వేర్వేరు చోట్ల తేలేది అందుకే. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు నెట్ సెంటర్ అబ్బాయికి పాస్‌వర్డ్ ఇచ్చేసి టీ తాగడానికి పోవద్దు, ఆ వరుస మీ చేత్తో మీరే పెట్టుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77తో ప్రైవేటు కాలేజీల్లో పీజీకి రీయింబర్స్‌మెంట్ ఆపేశారు, ఆ తర్వాత దాని మీద ఎన్ని ధర్నాలు జరిగాయో పేపర్లు చూసేవాళ్లకి తెలుసు. చేరే ఏడాది ఏ రూలు నడుస్తోందో సచివాలయంలో అడిగి, కాలేజీ వాళ్ల చేత కాగితం మీద రాయించుకుని చేరండి. "వచ్చేస్తుందిలే" అన్న మాట నోటితో ఎవరైనా అంటారు.

ఇక పెద్ద ఆట, ఐఐఎంలలో సీటు కోసం దేశమంతా రాసే పరీక్ష, క్యాట్. నవంబరు చివర్లో ఒక ఆదివారం జరుగుతుంది. జూలై ఆఖరున నోటిఫికేషన్ వస్తుంది, ఆగస్టు సెప్టెంబరుల్లో అప్లై చేయాలి. డిగ్రీలో 50 శాతం ఉంటే చాలు, రిజర్వేషన్ వాళ్లలో ఎస్సీ ఎస్టీ దివ్యాంగులకు 45. రెండు గంటల పరీక్ష, మూడు భాగాలు, ఒక్కోదానికి సరిగ్గా 40 నిమిషాలు: ఇంగ్లిష్ చదివి అర్థం చేసుకోవడం, డేటా లాజిక్, లెక్కలు. ఒక భాగం తొందరగా అయిపోతే ఆ టైము ఇంకోదానికి వాడుకోవడం కుదరదు. సరైన జవాబుకి 3, తప్పుకి ఒకటి కోత, ఆప్షన్లు లేకుండా జవాబు టైపు చేసే ప్రశ్నలకు కోత లేదు. మన పిల్లలకు లెక్కల భయం కన్నా ఇంగ్లిష్ ప్యాసేజీల భయం ఎక్కువ. దానికి కోచింగ్ కన్నా ఏడాది పాటు రోజూ ఒక ఇంగ్లిష్ పేపర్ ఎడిటోరియల్ పేజీ నమిలి మింగడమే మందు. తెలుగు మీడియం నుంచి వెళ్లి సీటు కొట్టినవాళ్లు నాకు తెలుసు, వాళ్లందరూ చెప్పేది ఇదే.

పర్సంటైల్ అంటే పర్సంటేజ్ అనుకునే తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు. "మావాడికి 90 వచ్చింది సార్, అయినా సీటు రాలేదు, ఏదో మోసం" అని ఒకాయన నా దగ్గర వాపోయారు. 90 పర్సంటైల్ అంటే నూటికి 90 మార్కులు కాదు, రాసినవాళ్లలో నూటికి 90 మంది మన వెనకో, మనతో సమానంగానో ఉన్నారని. 2024లో క్యాట్ రాసినవాళ్లు సుమారు 2.93 లక్షల మంది. అంటే 90 పర్సంటైల్ వచ్చిన వాడి ముందు ఇంకా 29 వేల మంది నిలబడి ఉన్నారు. 99 వచ్చినా ముందు దాదాపు మూడు వేల మంది. మోసం కాదు, క్యూ పొడవు అంత.

ఆ క్యూ కూడా క్యాట్ మార్కుల్ని బట్టి మాత్రమే కదలదు, ఇది చాలామందికి ఆలస్యంగా తెలిసే సంగతి. ఐఐఎంలు ఇంటర్వ్యూకి పిలిచేటప్పుడు టెన్త్ మార్కులు, ఇంటర్ మార్కులు, డిగ్రీ, ఉద్యోగ అనుభవం, అమ్మాయా అబ్బాయా, ఇంజినీరింగా కామర్సా అన్నీ కలిపి ఒక స్కోరు కడతాయి. ఒక్కో ఐఐఎం లెక్క ఒక్కో రకం, ఎవరిది ఎట్లాగో వాళ్ల సైట్లోనే ఏటా అడ్మిషన్ పాలసీ పేరుతో పెడతారు, చదివేవాళ్లే తక్కువ. బెంగళూరు ఐఐఎం టెన్త్, ఇంటర్ మార్కులకు బాగా విలువ ఇస్తుందని పేరు. కాబట్టి టెన్త్‌లో మార్కులు తక్కువొచ్చిన అబ్బాయి అక్కడికి రాసి రాసి అలిసిపోవడం కన్నా, క్యాట్ మార్కుకే ఎక్కువ బరువిచ్చే చోట్లు వెతుక్కోవడం తెలివి. ఇంజినీరింగ్ చదివిన జనరల్ కేటగిరీ మగపిల్లలకు పోటీ మరీ ఎక్కువ, వాళ్లే గుంపులు గుంపులుగా వస్తారు కాబట్టి. అదే కోవూరు నుంచి బీకాం చదివి వచ్చిన అమ్మాయికి చాలా చోట్ల కొన్ని పాయింట్లు కలిసొస్తాయి. ఈ సంగతి తెలియక "మనకెక్కడ వస్తుందిలే" అని అప్లికేషనే పెట్టని ఆడపిల్లలు ఎంతమందో.

క్యాట్ అంటే ఐఐఎంలు ఒక్కటే అనుకోవద్దు. 1954 నాటి ఢిల్లీ యూనివర్సిటీ మేనేజ్‌మెంట్ విభాగం ఎఫ్ఎంఎస్ క్యాట్ మార్కుతోనే తీసుకుంటుంది, ఫీజు ఐఐఎంలతో పోలిస్తే పదో వంతు దగ్గర. అందుకే దానికి అంత పోటీ. మద్రాస్ ఐఐటీలో మేనేజ్‌మెంట్ విభాగం ఉంది, మన నెల్లూరు వాళ్లకు పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నై. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. 2015లో మొదలైన విశాఖ ఐఐఎం మన రాష్ట్రంలోనే ఉంది, ఇప్పుడు గంభీరంలో సొంత క్యాంపస్. అగ్రికల్చర్ బీఎస్సీ చదివినవాళ్లు హైదరాబాద్ మేనేజ్ సంస్థలో అగ్రి బిజినెస్ కోర్సు చూడాలి. అమూల్ కురియన్ 1979లో గుజరాత్‌లోని ఆణంద్‌లో పెట్టిన ఇర్మా గ్రామీణ మేనేజ్‌మెంట్‌కి. రొయ్యలు, వరి, పొగాకు, పాల మధ్య పెరిగిన మన పిల్లలు ఈ రెంటి పేర్లు కూడా వినకుండా పెరుగుతారు, నాకు అది నిజంగా బాధ.

జంషెడ్‌పూర్ ఎక్స్‌ఎల్ఆర్ఐ కాలేజీ జనవరిలో ఎక్స్‌ఏటీ అనే సొంత పరీక్ష పెడుతుంది. సింబయాసిస్ వాళ్లది స్నాప్. ఎన్‌మ్యాట్, సీమ్యాట్, మ్యాట్ ఇంకా ఉన్నాయి. అన్నీ రాయనక్కర్లేదు. ప్రతిదానికీ ఫీజు, ఆ పైన ఒక్కో కాలేజీ ఫారానికి వెయ్యి నుంచి రెండు మూడు వేలు, చూస్తూ చూస్తూ పాతిక వేలు పోతాయి. రెండు పరీక్షలు, ఏడెనిమిది కాలేజీలు చాలు. ఉద్యోగం చేసేవాళ్లకు హైదరాబాద్ ఐఎస్‌బీ బిజినెస్ స్కూలు దారి వేరు, రెండేళ్ల అనుభవం, జీమ్యాట్ లేదా జీఆర్ఈ అనే అంతర్జాతీయ పరీక్షల స్కోరు అడుగుతుంది, కోర్సు ఒక్క ఏడాదే. జీమ్యాట్ స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది, క్యాట్‌ది ఏడాదే. ఎటూ తేల్చుకోలేని వాడు డిగ్రీ అవగానే దొరికిన ఉద్యోగంలో చేరి రెండేళ్లు పని చేసి అప్పుడు చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం. జీతం ఎట్లా వస్తుందో, మేనేజరు ఎందుకు అరుస్తాడో తెలిసిన వాడికే ఎంబీఏ పాఠం బుర్రకెక్కుతుంది.

ఇప్పుడు మళ్లీ వల దగ్గరికి. ప్లేస్‌మెంట్ లెక్కల్లో దొంగతనం ఎక్కడ జరుగుతుందో చెప్తాను. బ్యాచ్‌లో 120 మంది ఉన్నారనుకోండి. మార్కులు తక్కువున్న వాళ్లని, బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లని, "సొంత వ్యాపారం చూసుకుంటాను" అని సంతకం పెట్టించిన వాళ్లని తీసేసి ప్లేస్‌మెంట్‌కి అర్హులు 60 మందే అంటారు. అందులో 57 మందికి ఉద్యోగాలొచ్చాయి. బోర్డు మీద 95 శాతం. నిజానికి 120కి 57, సగం కూడా కాదు. భాగహారంలో పైన అంకె అందరూ చూస్తారు, కింద అంకె ఎవరూ అడగరు.

తర్వాత యావరేజ్. ఐదుగురికి 4, 4, 5, 5, 32 లక్షలు వచ్చాయనుకోండి. కూడితే 50, సగటు 10 లక్షలు. ఆ ఐదుగురిలో పది లక్షలు వచ్చినవాడు ఒక్కడు చూపించండి. మీడియన్ అంటే వరుసగా నిలబెడితే నడిమధ్య నిలబడ్డవాడి జీతం, ఇక్కడ 5. మా రైతు గారి భాషలో అసలు కౌంటు అదే. కాలేజీ వాళ్లు మీడియన్ చెప్పకుండా హయ్యెస్ట్, యావరేజ్ మాత్రమే చెప్తున్నారంటే అక్కడే సగం అర్థమవ్వాలి. ఆ 32 లక్షల అబ్బాయి అదే గ్రూపు ఇంజినీరింగ్ కాలేజీ నుంచి వచ్చినవాడూ కావొచ్చు, ఎనిమిదేళ్ల అనుభవంతో వచ్చి చేరినవాడూ కావొచ్చు. ప్యాకేజీ అంటే చేతికొచ్చేది కూడా కాదు, అందులో జాయినింగ్ బోనస్సు, పనితీరును బట్టి వచ్చినా రాకపోయినా లెక్కలో చేర్చే వేరియబుల్, కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ అన్నీ కలిపేస్తారు.

మరి నిజం ఎక్కడ దొరుకుతుంది? ఇక్కడ ఒక మంచి దారి ఉంది, ఉచితం కూడా. కాలేజీలకు కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులు 2016 నుంచి వస్తున్నాయి. ర్యాంకు సంగతి వదిలేయండి, మేనేజ్‌మెంట్ కాలేజీల ర్యాంకులో నూటికి 30 పరిశోధనకే పోతాయి, మీ అబ్బాయి ఉద్యోగానికీ ప్రొఫెసర్ గారి పేపర్లకీ అంత సంబంధం లేదు. కానీ ఆ ర్యాంకు కోసం కాలేజీ సమర్పించిన వివరాల ఫైలు కాలేజీ వెబ్‌సైట్లో పెట్టాలి. అందులో ఏ ఏడాది ఎంతమంది చేరారు, ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వాళ్ల మీడియన్ జీతం ఎంత అని పట్టిక ఉంటుంది. బ్రోచర్‌లో ఒక మాట, ప్రభుత్వానికి ఇచ్చిన కాగితంలో ఇంకో మాట ఉన్న కాలేజీలు నాకు చాలా తగిలాయి. ఆ రోజు మా రైతు గారి ముందే కంప్యూటర్‌లో ఆ బెంగళూరు కాలేజీ ఫైలు తెరిచాం. మీడియన్ 5 లక్షలు.

నా వృత్తిలోంచి ఇంకో చిట్కా. బ్యాంకులు కూడా కాలేజీలకు ర్యాంకులు ఇస్తాయి, ర్యాంకు అనే మాట వాడవంతే. స్టేట్ బ్యాంక్ స్కాలర్ లోన్ తీసుకోండి, అందులో కాలేజీల్ని ఏఏ, ఏ, బి, సి అని విడగొట్టారు. ఐఐఎంల వంటి పై వరస కాలేజీలకైతే పెద్ద మొత్తం కూడా తాకట్టు లేకుండా ఇస్తారు. జాబితాలోనే లేని కాలేజీకి ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి పెట్టమంటారు. పత్రికల ర్యాంకు తప్పయితే పత్రికకు పోయేదేం లేదు, బ్యాంకు ర్యాంకు తప్పయితే బ్యాంకు డబ్బు పోతుంది. కాబట్టి మీ కాలేజీ ఏ జాబితాలో ఉందో బ్రాంచికి పోయి అడగండి. లోను తీసుకోకపోయినా సరే, అడగండి. అలాగే 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం ఉంది. మొదట 860 సంస్థలతో మొదలైంది, వాటిలో మెరిట్ మీద సీటొస్తే తాకట్టూ హామీదారూ అక్కర్లేదు, ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపుంటే 10 లక్షల వరకు అప్పు మీద చదువుకునే కాలానికి, ఆ తర్వాత ఒక ఏడాదికి వడ్డీలో 3 శాతం రాయితీ.

మా రైతు గారి లెక్క కాగితం మీద వేశాను. ఏడాదికి 9 చొప్పున 18 లక్షలు, వడ్డీ 10 శాతం అనుకుందాం. చదివే రెండేళ్లు, ఆ తర్వాత ఒక ఏడాది కట్టనక్కర్లేదు, కానీ వడ్డీ మాత్రం పడుకోదు. మొదటి 9 లక్షల మీద మూడేళ్లకు 2.7, రెండో 9 మీద రెండేళ్లకు 1.8. కట్టడం మొదలుపెట్టే నాటికి బాకీ 22.5 లక్షలు. పదేళ్ల వాయిదాలకి నెలకు దాదాపు 30 వేలు. 5 లక్షల ప్యాకేజీ వాడికి చేతికొచ్చేది నెలకు 35, 36 వేలు, అదీ బెంగళూరులో. మిగిలిన ఆరు వేలతో అద్దె కట్టి అన్నం తినాలి. పైగా ఈ కాలేజీ జాబితాలో లేదు కాబట్టి తాకట్టు కావాలి, చెరువు రాసిస్తానంటే సాధారణంగా వ్యవసాయ భూమి తీసుకోరు, ఇల్లో స్థలమో పెట్టాలి. ఆయనకున్నది ఒక్కటే ఇల్లు.

సర్టిఫికెట్ల దగ్గర మనవాళ్లు చేసే తప్పు ఒకటి చెప్పకుండా ఉండలేను. ఐఐఎంలలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్‌కి 27 శాతం, ఎస్సీకి 15, ఎస్టీకి 7.5, ఓసీల్లో ఆర్థికంగా వెనకబడ్డవాళ్లకి, అంటే ఈడబ్ల్యూఎస్‌కి 10 శాతం ఉన్నాయి. మన రాష్ట్రం ఇచ్చే బీసీ-ఏ, బీసీ-డి సర్టిఫికెట్ అక్కడ పనికిరాదు. మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో చూసుకుని, కేంద్రం ఫార్మాట్‌లో విడిగా తహసీల్దార్ దగ్గర తీసుకోవాలి, అదీ వాళ్లు అడిగిన ఆర్థిక సంవత్సరానిది. ఈడబ్ల్యూఎస్‌కి ఆదాయం 8 లక్షల లోపుండటం ఒక్కటే చాలదు, కుటుంబానికి ఐదెకరాలు, ఆ పైన పొలం ఉంటే రాదు. మా ఊళ్లో ఆరెకరాల మెట్ట ఉండి పంటే పండని ఇంటికి రాలేదు, పొలం లేకుండా టౌనులో అద్దెలు తినే ఇంటికి వచ్చింది. రూలు రూలే. సచివాలయంలో అప్లై చేస్తే వీఆర్వో, ఆర్ఐ, తహసీల్దార్ దాటి రావడానికి ఎన్ని రోజులు పడుతుందో మీకు తెలియంది కాదు, అప్లికేషన్ గడువు ఆఖరి వారంలో పరిగెత్తొద్దు.

ఇక అప్లికేషన్‌లో, ఇంటర్వ్యూలో అడిగేది: "ఎంబీఏ ఎందుకు?" ఒంగోలులో ఉండే మా తోడల్లుడి కొడుకు గత ఏడాది రాసి నాకు చూపించాడు. డైనమిక్ లీడర్ అవ్వాలని ఉందట, గ్లోబల్ ఎక్స్‌పోజర్ కావాలట. నెట్‌లో దొరికింది దించేశాడు. "ఒరే అబ్బయ్యా, వీళ్లు రోజుకి ఇట్లాంటివి ఎన్ని చదువుతారో తెలుసా?" అని పక్కన పడేసి, "మీ తాత వాళ్లకి కొండపి దగ్గర పొగాకు ఆరబెట్టే బ్యారన్ ఉంది గదా, సెలవుల్లో నువ్వేం చేసేవాడివి?" అన్నాను. ముందు సిగ్గుపడ్డాడు. తర్వాత మొదలుపెట్టాడు చూడండి, ఆగలేదు. ఆకు గ్రేడు ఎట్లా కడతారు, తాతతో వేలం కేంద్రానికి పోతే ఒకే బ్యారన్ ఆకు ఒకరోజు రేటు పలికి ఇంకోరోజు కొనేవాడు లేక నోబిడ్ ఎందుకవుతుంది, కొనేవాళ్లు తక్కువమంది అయినప్పుడు రైతు బేలు వెనక్కి తీసుకుపోవాలా తక్కువకి ఇచ్చేయాలా, తీసుకుపోతే ఆటో ఖర్చెవరిది. వాడికి తెలియకుండానే గిరాకీ, బేరం, నిల్వ ఖర్చు అన్నీ చెప్పేశాడు. "ఇదే రాయి" అన్నాను. "ఇది పల్లెటూరి సంగతి గదా బాబాయ్" అన్నాడు. ఇంటర్వ్యూలో ముగ్గురు ప్రొఫెసర్లు ఇరవై నిమిషాల్లో పదిహేను నిమిషాలు ఆ నోబిడ్ మీదే అడిగారట.

ఇదే మన పిల్లలకు ఉన్న సొంత సరుకు. టైగర్ రొయ్య పోయి వనామీ ఎందుకొచ్చింది, 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి ఎగబాకినప్పుడు చెరువుల దగ్గర ఏమైంది, చీమకుర్తి గ్రానైటు రాయిగా పోతే ఎంత, పలకగా పోతే ఎంత. ఊరి పేరు చెప్పగానే ప్యానెల్ వాళ్లు ఇవే అడుగుతారు, నోరు తెరవకపోతే అక్కడే అయిపోయింది. హాబీ అంటే పాటలు వినడం అని చెప్పే వాడికి మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు.

విదేశీ ఎంబీఏ ఒక మాటలో తేల్చేది కాదు గానీ, ఏ కన్సల్టెన్సీ అయినా మీ దగ్గర రూపాయి తీసుకోకుండా ఫలానా యూనివర్సిటీకే పొమ్మంటోందంటే వాళ్ల కమీషన్ అక్కడ ఉందని అర్థం. డబ్బు తీసుకునే వాళ్లనే నమ్మడం మేలు, తమాషాగా ఉంటుంది గానీ.

ఆ రైతు గారి సంగతి చెప్పి ముగిస్తాను. ఇంకో పని చేద్దామన్నాను. వాళ్లబ్బాయి చేత ఆ కాలేజీలో రెండేళ్ల కిందట చదివిన వాళ్లని నెట్‌లో వెతికించాం, కాలేజీ వాళ్లిచ్చిన నంబర్లు కాదు, మనం వెతుక్కున్నవి. నలుగురికి మెసేజ్ పెడితే సాయంత్రానికి ఒకడు దొరికాడు, కందుకూరు వైపు కుర్రాడే. మర్నాడు మా బ్రాంచిలోనే ఫోను స్పీకర్లో పెట్టారు. ఈయన ఊరు, పేరు, పరిచయాలు అన్నీ అయ్యాక, కాలేజీ ఎట్టా ఉంటుంది అబ్బయ్యా అని అడిగారు. అవతల నుంచి ముందు మాట రాలేదు.

"ఫీజు కట్టేశారా అంకుల్?" అన్నాడు ఆ కుర్రాడు.

"ఇంకా లేదబ్బయ్యా, శుక్రవారం దాకా టైముంది."

"అయితే చెప్తాను" అని మొదలుపెట్టాడు. ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఈయన మధ్యలో ఒక్క మాట అడ్డు రాలేదు, ఫోను పెట్టేశాక ఆ పుస్తకం మళ్లీ సంచిలో కూడా పెట్టుకోలేదు, నా టేబుల్ మీదే వదిలేసి వెళ్లారు. వాళ్లబ్బాయి ఇప్పుడు శ్రీసిటీ వైపు ఒక కంపెనీలో స్టోర్స్ చూస్తున్నాడు, సాయంత్రాలు క్యాట్‌కి చదువుకుంటున్నాడు.